నర్సులకు లైసెన్సు ఇచ్చే బోర్డుకు గడువు ఎవరు పెడతారు?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఇంటికొచ్చి అడిగినప్పుడు నేను రెండుమూడు సాకులు చెప్పి చూశాను. ఆయన వినలేదు. "చాచా, చదువు గురించి, పొదుపు గురించి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మీరు మొన్న మీ అమ్మాయి దగ్గర ఆరు నెలలుండి వచ్చారుగా, అక్కడ చూసినదేదైనా చెప్పండి" అన్నారు. అక్కడ నేను చూసినవాటిలో వంతెనలున్నాయి, సముద్రముంది, అంగళ్లున్నాయి. వాటిని గూర్చి చెప్పేవాళ్లు మీ ఇళ్లల్లోనూ ఉన్నారు. నేను మాత్రం ఒక కాగితం గూర్చి చెబుతాను. ముప్పై ఒక్క సంవత్సరాలు సర్కారు ఆఫీసులో పనిచేసి, గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయినవాణ్ణి. ఎక్కడికి పోయినా ఫైలు కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు నాది.

ఆ కాగితం సంగతికి వచ్చేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ ముసలాయనకు అమెరికా నర్సుల బోర్డుతో పనేమిటని మీరనుకుంటారు.

2006లో మా ఇంటావిడకు జ్వరమొచ్చి ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చేర్పించాను. రెండో రోజు రాత్రి తెల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి చేతికి ఇంజెక్షను చేసింది. తెల్లారేసరికి చెయ్యి వాచి నల్లబడింది. మరో ఊరి ఆస్పత్రికి తీసుకుపోయి కోత పెట్టించాము. చెయ్యి దక్కింది గాని పట్టు పోయింది. ఆ తరువాత ఆమె బ్రతికిన ఎనిమిదేళ్లూ ఆ చేత్తో రొట్టె వత్తలేకపోయింది. పిండి కలిపి ఇస్తే నేను వత్తేవాణ్ణి. నా రొట్టెలు ఎన్నడూ గుండ్రంగా రాలేదు, ఆవిడ నవ్వేది.

ఆ ఇంజెక్షను చేసిన అమ్మాయిని అడిగితే, ఆమె ఏ నర్సింగ్ స్కూలులోనూ చదవలేదని తెలిసింది. పదో తరగతి అయ్యాక అక్కడే ఆరు నెలలు పని నేర్చుకుందట. పంతొమ్మిదేళ్లుంటాయేమో. నన్ను చూసి ఏడ్చింది. ఆ పిల్ల మీద నాకు ఆనాడూ కోపం లేదు, ఈనాడూ లేదు. నాకు కోపమొచ్చింది ఆ తరువాత. ఒక అర్జీ వ్రాసుకుని ఆఫీసుకు పోతే, "ఇది మా సెక్షను కాదండీ" అన్నారు. రెండో ఆఫీసుకు పోతే మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. మూడో చోట అర్జీ తీసుకున్నారు గాని జవాబు రాలేదు. బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడితే నాకొక సంగతి గుర్తుకొచ్చింది. "మా సెక్షను కాదండీ" అన్న ముక్క నేనే నా ఉద్యోగంలో ఎంతమందితో అన్నానో! అబద్ధం చెప్పలేదు, నిజంగానే మా సెక్షను కాదు. కాని ఆ వచ్చినవాళ్ల మొహాలు నేనెప్పుడూ సరిగా చూడలేదు.

ఇక మా అమ్మాయి. బీఎస్సీ నర్సింగ్ చదివి, రియాదులో నాలుగేళ్లు చేసి, ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసై, ఇప్పుడు కాలిఫోర్నియాలో నర్సుగా ఉంది. ఆమెను నర్సింగులో చేర్చిననాడు మన వీధిలోనే కొందరు పెద్దలు "మన ఇంటి ఆడపిల్లలకు అదేం చదువు" అన్నారు. వారి పేర్లు చెప్పను, కొందరు ఈ సభలో ఉన్నారు, వారి మనమరాళ్లిద్దరు ఇప్పుడు అదే చదువుతున్నారు.

ఒకనాడు మా అమ్మాయి భోజనం చేస్తూ ఒక చేత్తో కంప్యూటరు ముందు పెట్టుకుని ఏదో పాఠం చదువుతోంది. ఏమిటమ్మా అంటే, "లైసెన్సు రెన్యూవల్ అబ్బా. రెండేళ్లకొకసారి. ముప్పై గంటల చదువు చూపించాలి, ఫీజు కట్టాలి. లేకపోతే డ్యూటీలోకి రానివ్వరు" అంది. బాగానే ఉందనిపించింది. నేను ఊరికే ఉండక, "నీకు రెండేళ్లకు గడువు పెట్టారు సరే, గడువు పెట్టినవాళ్లకు గడువెవరు పెడతారు?" అని అడిగాను. ఎగతాళికి అడిగిన మాట. "వాళ్లకీ ఉంది అబ్బా" అంటూ ఒక కాగితం తీసి ముందు పెట్టింది. ముద్రిస్తే చిన్న పుస్తకమంత ఉంటుంది. అదే నేను చెబుతానన్న కాగితం.

కాలిఫోర్నియాలో నర్సులకు లైసెన్సులిచ్చేది ఒక రాష్ట్ర బోర్డు. నర్సుల అర్హతలను గూర్చి అక్కడ మొదటి చట్టం 1905లో వచ్చింది. బోర్డులో తొమ్మిదిమంది సభ్యులు. ఐదుగురు నర్సులు, వారిలో ఇద్దరు రోజూ రోగి మంచం దగ్గర పనిచేసేవారే అయి ఉండాలి. మిగిలిన నలుగురు నర్సులు కానివారు, సామాన్య ప్రజల తరఫువారు. ఏడుగురిని గవర్నరు, ఇద్దరిని శాసనసభ రెండు సభల తరఫున చెరొకరిని నియమిస్తారు. (అక్కడి గవర్నరు ఢిల్లీ నుంచి వచ్చే మన గవర్నరు వంటివారు కారు. ప్రజలు వోట్లేసి ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి అనుకోండి.) ఏ నర్సింగు కాలేజీ మంచిది, ఎవరు పరీక్షకు అర్హులు అని చూడడం, లైసెన్సు ఇవ్వడం, నర్సు మీద ఫిర్యాదు వస్తే విచారించి అవసరమైతే లైసెన్సు తీసేయడం ఆ బోర్డు పని. ఇంటర్నెట్టులో లైసెన్సు నెంబరు కొడితే ఆ నర్సు మీద చర్య ఏదైనా తీసుకున్నారో లేదో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇంతవరకు మన దగ్గరి కౌన్సిలు వంటిదే. తేడా ఏమిటంటే, ఆ బోర్డును ఏర్పరచిన చట్టంలోనే అది ఫలానా సంవత్సరం జనవరి 1న రద్దవుతుందని వ్రాసి ఉంటుంది. ఆలోగా శాసనసభ మళ్లీ చట్టం చేసి పొడిగిస్తేనే ఉంటుంది. చేయకపోతే బోర్డు పోతుంది. ఇటువంటి ఏర్పాటును అక్కడ సన్‌సెట్ చట్టమంటారు. సూర్యాస్తమయ చట్టమన్నమాట. మనకు సూర్యాస్తమయమంటే మగ్రిబ్ వేళ. రమజాను నెలలో ఆ నిమిషం కోసం ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చుంటాము. దాన్ని ముందుకు జరపడం గాని వెనక్కు జరపడం గాని ఎవరి తరమూ కాదు. ఈ సూర్యాస్తమయాన్ని మాత్రం శాసనసభ జరపవచ్చు, కాకపోతే జరిపేముందు నాలుగు ప్రశ్నలడగాలి.

ఇది మరీ కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికా పెద్దల్లో ఒకరైన థామస్ జెఫర్సన్ 1789లోనే తన మిత్రుడు మాడిసన్‌కు ఉత్తరం వ్రాస్తూ, ఏ చట్టమైనా 19 సంవత్సరాలకు దానంతటదే ముగిసిపోవాలని వాదించాడు. ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. 1976లో కొలరాడో రాష్ట్రం మొదట సన్‌సెట్ చట్టం చేసింది, 1977లో టెక్సాస్ చేసింది, ఆ తరువాత కొద్దిఏళ్లలోనే ముప్పైకి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో దాన్ని పెట్టుకున్నాయి. కొన్ని తరువాత వదిలేశాయి కూడా. టెక్సాస్‌లో సాధారణంగా 12 సంవత్సరాలకొకసారి వంతు వస్తుంది. అక్కడి నర్సుల బోర్డుకు 2007లో ఒకసారి, 2017లో ఒకసారి పొడిగింపు దొరికింది. 2007లో పేరు కూడా మార్చారు. కాలిఫోర్నియాలో ఈ సమీక్ష కోసం ఉభయ సభల కమిటీ 1994లో ఏర్పడింది.

మీలో షాపులు అద్దెకిచ్చినవాళ్లున్నారు, తీసుకున్నవాళ్లున్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు సంగతి మీకు తెలిసిందే. గడువు తీరే ముందు యజమాని ఒకసారి వచ్చి గోడలు చూస్తాడు, కరెంటు బిల్లులు చూస్తాడు, పక్కషాపువాణ్ణి "ఎలా ఉంటున్నాడయ్యా" అని అడుగుతాడు. ఆ తరువాతే సంతకం. ఇదీ అంతే. గడువు దగ్గరపడేసరికి బోర్డు తాను చేసిన పనంతా లెక్కలతో సహా వ్రాసి శాసనసభకు పంపాలి. ఎన్ని లైసెన్సులు, ఎన్ని ఫిర్యాదులు, ఒక్కొక్కదానికి ఎన్ని రోజులు పట్టింది, ఖజానాలో ఎంత నిలవ. కమిటీ సిబ్బంది దాన్ని చదివి, పోయినసారి ఏమి చేయమన్నాము, చేశారా లేదా అని వరుసగా ప్రశ్నలు తయారు చేస్తారు. ఆ ప్రశ్నల పుస్తకాన్ని అందరికీ కనిపించేట్టు పెడతారు. తరువాత బహిరంగ విచారణ. ఆ రోజు నర్సుల సంఘాలు, కాలేజీలు, ఆస్పత్రులు, నష్టపోయిన రోగి బంధువులు, ఎవరైనా వచ్చి మైకు ముందు నిలబడి రెండు ముక్కలు చెప్పవచ్చు. మా అమ్మాయి నాకు చూపించింది ఆ ప్రశ్నల పుస్తకమే.

నేను దాన్ని మూడు రోజులు చదివాను. ఇంగ్లీషు కష్టంగానే ఉంది, కాని ఆఫీసు భాష ఏ దేశంలోనైనా ఒకటే. "పరిశీలనలో ఉన్నది", "సిబ్బంది కొరత వలన", "త్వరలో చర్య తీసుకొనబడును". ఈ ముక్కలు చదువుతుంటే నాకు మా పాత ఆఫీసులో కూర్చున్నట్టే ఉంది! ఒక్క తేడా. ఇక్కడ ఆ ముక్క పక్కనే, "పోయినసారి కూడా ఇదే చెప్పారు, ఎందుకు కాలేదు?" అని అడిగినవాడున్నాడు. నా ముప్పై ఒక్క సంవత్సరాల్లో నన్ను ఆ మాట ఒక్కరూ అడగలేదు.

ఇంతవరకు విని, అమెరికావాళ్లు అన్నీ బంగారంలా చేసుకున్నారని ఇంటికి పోకండి. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

ఆ బోర్డు 1990 నుంచి కొత్తగా లైసెన్సుకు వచ్చేవారి వేలిముద్రలు తీసుకునేది. నర్సు ఏదైనా నేరంలో పట్టుబడితే పోలీసుల నుంచి బోర్డుకు కబురందడానికి. అంతకు ముందు లైసెన్సు తీసుకున్నవారి వేలిముద్రలు మాత్రం లేవు. అంటే వాళ్లు నేరం చేసి జైలుకు పోయినా, బోర్డు పుస్తకాల్లో లైసెన్సు మచ్చలేకుండా ఉండేది. 2002 ప్రాంతంలో శాసనసభ సమీక్ష ఒకటి జరిగిపోయింది, అయినా ఈ కన్నం పూడలేదు. 2008లో పత్రికలవారు బయటపెట్టాక, 2009లో పాతవారందరూ వేలిముద్రలివ్వాలని నియమం చేశారు.

అదే 2009 జులైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక, ప్రొపబ్లికా అనే సంస్థ కలిసి మరో పరిశోధన ప్రచురించాయి. నర్సు మీద ఫిర్యాదు వచ్చిన దగ్గర్నుంచి చర్య పూర్తయ్యేదాకా సగటున మూడేళ్లకు పైగా పడుతోందని లెక్క తేల్చాయి. ఈ మూడేళ్లూ ఆ నర్సు ఎక్కడ ఉంటుంది? వేరే ఆస్పత్రిలో, వేరే రోగి మంచం దగ్గర! ఒక ఆస్పత్రి తీసేస్తే ఇంకో ఆస్పత్రి చేర్చుకుంటుంది. లైసెన్సు బాగానే ఉంది కదా అని. అప్పటి గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, సినిమాల్లో కండలు తిప్పిన ఆయనే. (మనకు అదేమీ వింత కాదు, 1983లోనే రామారావుగారిని చూసినవాళ్లం.) ఆ కథనం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే బోర్డు సభ్యుల్లో ఎక్కువమందిని మార్చేశాడు. కార్యనిర్వహణాధికారిణి ఆ మర్నాడే రాజీనామా చేసింది.

ఇక్కడొక చిక్కు ఉంది. గడువు తేదీ చట్టంలో ఉంది, కమిటీ ఉంది, ప్రశ్నలున్నాయి. అయినా బోర్డును కదిలించింది పత్రిక. మరి గడువెందుకు అని మీరడగవచ్చు. నేనూ అదే అడిగాను. మా అమ్మాయి నవ్వి, "2011 సంగతి చదువు అబ్బా" అంది.

2011లో బోర్డుకు గడువు మళ్లీ ముంచుకొచ్చింది. ఉభయ సభలూ పొడిగింపు బిల్లు పాసు చేశాయి. ఆ బిల్లులోనే, బోర్డు దర్యాప్తు అధికారులకు పోలీసు తరహా హోదా ఇచ్చే అంశం ఒకటి చేర్చారు. ఆ హోదా వస్తే దాని వెనుకే పింఛను భారం పెరుగుతుందని అభ్యంతరం చెబుతూ, అప్పటి గవర్నరు జెర్రీ బ్రౌన్ అక్టోబరులో బిల్లు మొత్తాన్ని వీటో చేశాడు. శాసనసభ సమావేశాలు అప్పటికే అయిపోయాయి. ఇక సరిదిద్దే వ్యవధి లేదు. 2012 జనవరి 1 రానే వచ్చింది. లక్షల మంది నర్సులున్న రాష్ట్రంలో నర్సుల బోర్డు అనేది లేకుండా పోయింది!

భయపడకండి, ఆస్పత్రులు మూతపడలేదు. నర్సింగు వృత్తి చట్టం అలాగే ఉంది, పోయింది బోర్డు మాత్రమే. సిబ్బంది ఒక పెద్ద డిపార్టుమెంటు చేతి కింద పని సాగించారు, లైసెన్సులు చెల్లాయి. కాని ఎవరి లైసెన్సు ఉండాలి, ఎవరిది పోవాలి అని కూర్చుని తీర్పు చెప్పవలసిన ఆ తొమ్మిది కుర్చీలూ ఖాళీ. ఫిబ్రవరి నడుమ అత్యవసర చట్టం ఒకటి చేసి బోర్డును మళ్లీ నిలబెట్టారు. సుమారు నెలన్నర. అద్దె గొడవలో తాళం వేసింది దుకాణానికి, మందు కోసం వచ్చి వాకిట్లో నిలబడింది మాత్రం ఎవరో! పింఛను మంచిదా చెడ్డదా అన్నది వేరే తగాదా. దాన్ని తెచ్చి ఈ బండికి కట్టడం తప్పని నా అభిప్రాయం. ఇటువంటిదే టెక్సాస్‌లో 2017లో డాక్టర్ల బోర్డు పొడిగింపు వేరే రాజకీయపు తగాదాలో చిక్కుకుపోతే, దానికోసం ప్రత్యేక సమావేశం పిలవవలసి వచ్చింది.

2012లో బోర్డుకు దొరికిన గడువు 2016 జనవరి 1 వరకు. 2015లో మళ్లీ వంతు వచ్చింది. ఈసారి శాసనసభ చేసిన పని నాకు బాగా నచ్చింది. మామూలుగా ఇచ్చే నాలుగేళ్లు ఇవ్వలేదు, రద్దూ చేయలేదు. రెండేళ్లు మాత్రమే పొడిగించి, ఈలోగా రాష్ట్ర ఆడిటరు వచ్చి మీ ఫిర్యాదుల ఫైళ్లు తిరగేయాలి అని చట్టంలోనే షరతు పెట్టింది. మంచి యజమాని చేసే పని ఇదే. ఇల్లు ఖాళీ చేయించకుండా, "మూడు నెలలు చూస్తాను, ఈలోగా మేస్త్రీ వచ్చి పైకప్పు చూస్తాడు" అన్నట్టు.

ఆడిటరు వచ్చింది. 2016 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. పరిష్కారమైన ఫిర్యాదుల్లో 40 ఫైళ్లు తీసి చూసింది. 18 నెలల్లో తేల్చాలని లక్ష్యం. 31 ఫైళ్లు ఆ గడువు దాటాయి. వాటిలో 15 ఫైళ్లకు మూడేళ్లకు పైగా పట్టింది. 2009లో పత్రిక వ్రాసిన రోగమే, ఏడేళ్లయినా పూర్తిగా కుదరలేదన్నమాట. చేయవలసినవి ఆడిటరు వరుసగా వ్రాసిపెట్టింది. ఒక్కో దర్యాప్తు అధికారి నెత్తిన మోయలేనన్ని ఫైళ్లు పెట్టవద్దు, ఇరవైకి మించనీయవద్దు అన్నది అందులో ఒకటి.

తరువాత జరిగినది వినండి. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లయితే ముందే ఊహిస్తారు. 2018లో, ఆ సిఫారసు అమలు చేశామని ఆడిటరుకు చూపించవలసి వచ్చినప్పుడు, బోర్డు పై అధికారులు కొందరు ఫైళ్లను తాత్కాలికంగా వేరేవారి పేర్ల మీదికి మార్చి, ప్రతి దర్యాప్తు అధికారి దగ్గరా ఇరవై లోపే ఉన్నట్టు లెక్క పంపారు. ఆడిటరు 2020లో దాన్ని పట్టుకుని, బోర్డు అధికారులు తనను మోసగించడానికి లెక్కలు తారుమారు చేశారని బహిరంగంగా ప్రకటించింది. యజమాని వస్తున్నాడని తెలిసి చెమ్మపట్టిన గోడకు రాత్రికి రాత్రి సున్నం కొట్టడం మనకు తెలియనిదా? నేనూ ఇన్‌స్పెక్షనుకు ముందు రాత్రి పెండింగు రిజిస్టరు "సర్ది"నవాణ్ణే. ఇది పిల్లల ముందు చెప్పదగిన మాట కాదు గాని, మీకు నిజం చెప్పడానికే వచ్చాను.

ఆ తరువాత 2022లో చేసిన చట్టం బోర్డుకు 2027 జనవరి 1 వరకు గడువిచ్చింది.

ఈ చరిత్రంతా చదివాక నాకు తోచినది ఇది. గడువు తేదీ దానంతటది ఏ గోడనూ బాగుచేయదు. కాని అది ఒక పని చేస్తుంది. మామూలుగా నష్టపోయినవాడు అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు, ఆఫీసు కుర్చీలో కూర్చుంటుంది. గడువు తేదీ ఉంటే, ఆఫీసే లేచి, లెక్కలు చంకన పెట్టుకుని, "నన్ను ఉంచండి" అని అడగడానికి రావాలి. ఆనాడు అడిగేవాడుంటే అడగవచ్చు. అడిగేవాడు లేకపోతే, 2002లో వేలిముద్రల సంగతిలా, ఆ తేదీ వచ్చి పోతుంది. పత్రికలవాడు కనిపెట్టినది, ఆడిటరు కనిపెట్టినది, రోగి కొడుకు చెప్పుకున్నది చేర్చడానికి ఒక ఫైలు, ఆ ఫైలు తెరవక తప్పని ఒక రోజు ఉన్నాయి. నా అర్జీకి లేనిదదే.

లైసెన్సు అంత పెద్ద విషయమా అని అనుకునేవాళ్లకు ఒక్క సంగతి. 2023 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రంలో పెద్ద మోసం బయటపడింది. అక్కడి మూడు నర్సింగు స్కూళ్ల పేరు మీద 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లలో రెండు వేల మందికి పైగా అసలు పరీక్ష కూడా పాసై లైసెన్సులు తెచ్చుకున్నారు. వార్డుల్లో చేయి తిరిగేదాకా పని నేర్వకుండానే! ఎన్నో రాష్ట్రాల బోర్డులు తమ రిజిస్టర్లు తిరగేసి వారిని వెతకవలసి వచ్చింది. నిజాయితీగా చదివి పోయిన మన పిల్లలకు దీనివల్ల పనేమిటంటారా? అనుమానపు చూపు ముందుగా పడేది పై దేశం నుంచి వచ్చినవాళ్ల కాగితాల మీదే. బోర్డు సరిగా పనిచేయడం రోగికెంత అవసరమో, మంచి నర్సుకు అంతకంటే అవసరం.

ఇక మన దగ్గరి సంగతి. పొద్దుపోతోంది గనుక రెండు మాటల్లో చెబుతాను. మన ప్రాంతంలో నర్సుల రిజిస్ట్రేషనుకు మూలం మద్రాసు రాజధాని కాలంలో 1926లో చేసిన చట్టము. దేశమంతటికీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు చట్టం 1947లో వచ్చింది. దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషను చట్టాన్ని పార్లమెంటు 2023లో పాసు చేసింది. జాతీయ కమిషను, రాష్ట్రాల్లో రాష్ట్ర కమిషన్లు, నర్సులందరికీ జాతీయ రిజిస్టరు అందులోని ఏర్పాట్లు. మంచిదే. కాని 1947 నుంచి 2023 దాకా డెబ్బై ఆరేళ్లు. మన చట్టాలకు పుట్టిన తేదీ ఉంటుంది గాని ముగిసే తేదీ ఉండదు. కొత్తదానికీ లేదు. సభ్యుల పదవికి కాలపరిమితి ఉంటుంది, సంస్థకు ఉండదు. ఒకసారి పెట్టిన కౌన్సిలు తన పని ఎలా చేసిందో తానుగా వచ్చి చెప్పుకోవలసిన రోజంటూ మన క్యాలెండరులో లేదు.

అలాగని బోర్డునే రద్దుచేసే తేదీ మనమూ పెట్టుకోవాలని నేననను. 2012లో ఖాళీ అయిన ఆ తొమ్మిది కుర్చీలు గుర్తుకొస్తే భయమేస్తుంది. మన దగ్గర అటువంటి పొడిగింపు బిల్లు ఏ సభలో ఏ గలభాలో కొట్టుకుపోతుందో ఎవరు చెప్పగలరు? నాకు కావలసింది ఆ తేదీలోని ముందు సగం. అయిదేళ్లకొకసారి శాసనసభ కమిటీ ముందు రాష్ట్ర కమిషను కూర్చోవాలి, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని రోజుల్లో తేల్చారు, రిజిస్ట్రేషను లేనివారితో ఇంజెక్షన్లు చేయిస్తున్న నర్సింగ్ హోముల మీద ఏమి చేశారు అని అడగాలి, ఆ ప్రశ్నలు తెలుగులో అచ్చువేసి ముందుగా మనకు చూపాలి. దీన్ని అర్జీగా వ్రాసి పెట్టాను. మన ఎమ్మెల్యేగారికి ఇద్దామని ఉంది. సంఘం తరఫున సంతకాలు పెట్టేదీ లేనిదీ కార్యవర్గం చూసుకోవాలి. నన్నడిగితే నర్సింగు చదివే పిల్లల సంతకాలే ముందుండాలి.

వెనుక వరుసలోని అమ్మాయిలూ, మీతో ఒక ముక్క. కోర్సు అయిపోగానే పెళ్లి సంబంధాల హడావుడిలో పడి రిజిస్ట్రేషను సంగతి మరిచిపోకండి. సర్టిఫికెట్టు మీద పేరు, మీ తండ్రిగారి పేరు, పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఆరోజే చూసుకోండి. మన పేర్లలో షేకు ముందా వెనకా, బేగమా బీబీయా అన్నదానికే మా అమ్మాయి పదకొండు నెలలు కాగితాల చుట్టూ తిరిగింది. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద వ్రాసిపెట్టుకోండి. పెద్దలారా, ఇంట్లో ఎవరికైనా సూది వేయవలసి వస్తే, వేసే అమ్మాయిని "బేటీ, నీ రిజిస్ట్రేషను ఎక్కడ చేయించుకున్నావు" అని మర్యాదగా అడగండి. నిజంగా చదువుకున్న పిల్ల కోపగించుకోదు, గర్వంగా చెబుతుంది. 2006లో ఆ రాత్రి నేను అడగలేదు.

నాకిచ్చిన వ్యవధి అరగంట. అది దాటిపోయిందని కార్యదర్శిగారు రెండుసార్లు గడియారం చూపించారు, పొడిగింపుకు ఒప్పుకునేట్టు లేరు. అడగవలసినవి ఉంటే భోజనాల దగ్గర అడగండి, అర్జీ కాపీ నా సంచిలోనే ఉంది.